కొత్త సున్నం, పాత రసీదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం అనలేదు. తాతలనాటి ఇంట్లోనే పుట్టి, అక్కడే పురుళ్ళూ పుణ్యాలూ జరుపుకొని, అక్కడే కన్నుమూసే రోజుల్లో ఆ మాట అనవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. ఇప్పుడు అలా కాదు. ఉద్యోగం ఒక ఊళ్ళో, పిల్లల చదువులు మరొక ఊళ్ళో. చేతిలో ప్రావిడెంటు ఫండు డబ్బు పడేనాటికి స్థలం కొని, కాంట్రాక్టరు వెంట తిరిగి కట్టించే ఓపిక ఉండదు. అందుకని చాలామంది కట్టిన ఇంటినే కొంటున్నారు.

అటువంటి ప్రయత్నంలో ఉన్న రాజమహేంద్రవరం సోదరి ఒకరు ఇలా వ్రాశారు: "మావారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఒక ఇల్లు చూశాము. పాత పెంకుటిల్లు. అమ్మేవారు రెండేళ్ళ క్రితం పెంకు తీయించి స్లాబు పోయించారు, పైన ఒక గది, స్నానాలగది వేశారు, కింద అంతా కొత్త రాళ్ళు పరిపించారు. చూడ ముచ్చటగా ఉంది. పన్ను రసీదు చూపించారు. అరసంవత్సరానికి 900 రూపాయలే. మా మరిదిగారేమో, రిపేర్లు చేసిన ఇంటికి పన్ను రెట్టింపవుతుంది, జాగ్రత్త వదినా అంటున్నారు. మా అబ్బాయి అదేమీ లేదు, రసీదులో ఉన్నదే పన్ను అంటున్నాడు. ఎవరి మాట నిజం? ఇల్లు మానుకోమంటారా?"

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉన్నదమ్మా. ఆ రెండు సగాలనూ విడదీసి చెప్పుకొంటే, మీకే కాదు, ఇల్లు కొనబోయే మరికొందరికి కూడా పనికివస్తుంది.

పన్ను దేని మీద?

ముందుగా ఒక్క సంగతి. ఇంటి పన్ను మనిషి ఆదాయం మీద వేసేది కాదు, ఇంటి విలువ మీద వేసేది. ఆ విలువను కొలవడానికి మన పట్టణాలలో రెండు పద్ధతులు వచ్చాయి.

మొదటిది అద్దె విలువ. ఈ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుంది అన్న అంచనా మీద ఇన్ని శాతం అని పన్ను. ఒకప్పుడు ఈ అంచనా ఎంత అన్న దాని మీదనే పెద్ద వ్యాజ్యాలు నడిచాయి. గుంటూరు పట్టణంలో పన్ను చెల్లించేవారి సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసులో, అద్దె నియంత్రణ చట్టం ప్రకారం రాగల న్యాయమైన అద్దెను మించి మునిసిపాలిటీ విలువ కట్టరాదని 1970లో తీర్పు వచ్చింది. ఆ తరువాత లెక్క కట్టే తీరే మారింది. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాలకు 1990లో వచ్చిన నిబంధనలు అయిదు సంగతులు చూడమన్నాయి: ఇల్లు ఏ ప్రాంతంలో ఉన్నది, ఏ రకం కట్టడం, వైశాల్యం ఎంత, వయస్సు ఎంత, దేనికి వాడుతున్నారు. ఇది ఎవరి ఇల్లు, ఎంతకు కొన్నారు అన్న ప్రశ్న అందులో లేదు.

రెండవది మూలధన విలువ. అంటే స్థలమూ కట్టడమూ కలిపి రిజిస్ట్రేషను శాఖ లెక్కల ప్రకారం ఎంత విలువ చేస్తుందో, దాని మీద శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో చట్టం సవరించి, 2021-22 నుంచి ఈ పద్ధతి పెట్టారు. నివాసపు ఇళ్ళకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, వ్యాపారపు కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పురపాలక సంఘం నిర్ణయించుకోవచ్చునన్నారు. పద్ధతి మారినప్పుడు జనం మీద ఒక్కసారిగా బరువు పడకుండా, పాత పన్ను మీద పెరుగుదల 15 శాతం మించకూడదని కట్టడి కూడా చేశారు.

హైదరాబాదులో మాత్రం అద్దె విలువ లెక్కే ఏళ్ళ తరబడి నడిచింది.

ఇన్ని పద్ధతులున్నా మూలసూత్రం ఒక్కటే. కట్టడం పెరిగితే, కట్టడం రకం మారితే, వాడుక మారితే పన్ను మారుతుంది. ఇంటికి అందం పెరిగినంత మాత్రాన మారదు.

ఏ పనికి పన్ను, ఏ పనికి కాదు?

గోడలకు సున్నం, రంగులు, తలుపులకు వార్నిషు, వంటింట్లో అరలు, కొత్త కుళాయిలు, కరెంటు తీగలు మార్చడం, కారుతున్న స్లాబుకు పైపూత వేయడం, ఇవన్నీ మరమ్మతు కిందకు వస్తాయి. గచ్చు తీసి రాళ్ళు పరిపించినా సాధారణంగా ఇదే వరస. వీటికి లక్షలు పోసినా వైశాల్యం అంగుళం పెరగదు గనుక పన్ను పెరగవలసిన పని లేదు. మీ అబ్బాయి మాటలోని నిజం ఇది.

ఇంకొక గది వేశారు, మేడ మీద వాటా కట్టారు, వరండాకు గోడలు పెట్టి గది చేశారు, కారు షెడ్డును మూసి అద్దెకిచ్చారు అనుకోండి. అప్పుడు వైశాల్యం పెరిగింది. ఆ మేరకు పన్నూ పెరుగుతుంది.

పెంకు తీసి స్లాబు పోయడం సంగతి చాలామందికి తెలియదు. అదే నాలుగు గోడలు, అదే వైశాల్యం, పన్నెందుకు పెరగాలి అంటారు. 1990 నిబంధనలు కట్టడాలను ఆరు రకాలుగా విడదీశాయి: హంగులున్న కాంక్రీటు భవనాలు, సాధారణ కాంక్రీటు భవనాలు, మద్రాసు టెర్రసు లేదా రాతిపలకల కప్పు ఇళ్ళు, మంగుళూరు పెంకు లేదా రేకుల ఇళ్ళు, నాటు పెంకుటిళ్ళు, పూరిళ్ళు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క ధర. కప్పు మారితే ఇల్లు ఒక మెట్టు నుంచి ఇంకొక మెట్టుకు ఎక్కుతుంది. మూలధన విలువ పద్ధతిలోనూ అంతే. పెంకుటింటి చదరపుటడుగుకు ఒక విలువ, కాంక్రీటు ఇంటికి ఇంకొక విలువ. మీ మరిదిగారి మాటలోని నిజం ఇక్కడ ఉన్నది.

వాడుక మారడం మరీ ఖరీదైనది. వీధి వైపు గదికి షట్టరు బిగించి కొట్టు పెట్టించారంటే, ఆ గది వరకు నివాసం కాదు, వ్యాపారం. పైన చెప్పిన శాతాలు చూడండి, ఎంత తేడానో! ఇల్లు కొన్న తరువాత కొట్టు తీసివేస్తే ఆ సంగతి వ్రాతమూలకంగా తెలియజేయాలి. లేకుంటే మీరు పూజగది చేసుకున్న చోటుకు కొట్టు పన్ను కడుతూనే ఉంటారు.

ఇంకొక చిత్రం ఇంటి వయస్సుది. 1990 నాటి నిబంధనలతో పాటు నడిచిన లెక్కలో 25 ఏళ్ళ లోపు ఇంటికి అద్దె విలువలో 10 శాతం, 25 దాటి 40 లోపు ఇంటికి 20 శాతం, 40 దాటితే 30 శాతం తగ్గించేవారు. యజమాని తానే కాపురముంటే, వయస్సు తగ్గింపు కూడా కలుపుకొని, 40 శాతం. కనుక అమ్మేవారు కాపురముండి కట్టిన పన్నూ, కొన్నవారు అద్దెకిచ్చి కట్టిన పన్నూ ఒక్క ఇంటికే వేరువేరుగా ఉండేవి. 2021కి ముందు నాటి పాత రసీదులు చూపించి "ఎప్పుడూ ఇంతే" అనేవారి దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాగితం మీద లెక్క

అంకెలు లేకుండా పన్ను మాట్లాడితే భయమే మిగులుతుంది. రెండు చిన్న లెక్కలు వేద్దాము. ధరలు మాట వరసకు పెట్టినవి. మీ వీధి ధర మునిసిపల్ ఆఫీసులో తెలుస్తుంది.

హైదరాబాదు పద్ధతిలో 1000 చదరపుటడుగుల ఇల్లు, చదరపుటడుగుకు నెలకు రూపాయి పావలా అద్దె విలువ అనుకోండి. నెలకు 1250, ఏడాదికి 15,000. అందులో 10 శాతం తీసివేస్తే 13,500. నెల అద్దె విలువ 300 దాటిన ఇంటికి 30 శాతం చొప్పున 4,050. దాని మీద గ్రంథాలయ పన్ను 8 శాతం, 324. మొత్తం 4,374 రూపాయలు. ఇదే ఇంటికి మేడ మీద 400 అడుగులు కలిపితే 1400 అడుగులకు 6,123 రూపాయల 60 పైసలు. అంటే ఏటా సుమారు 1,750 ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి వచ్చిన పద్ధతిలో, స్థలమూ ఇల్లూ కలిపి 20 లక్షలు, పన్ను 0.15 శాతం అనుకోండి. ఏడాదికి 3,000. కప్పు మార్పుతో, పై గదితో కట్టడం విలువ ఇంకొక 6 లక్షలు పెరిగితే, 26 లక్షల మీద 3,900. స్థలం విలువ పెరగలేదు గనుక ఇంటి పన్ను రెట్టింపు కాలేదు, గమనించారా?

కనుక సోదరీ, చేసిన మార్పుల వల్ల రాబోయే అదనపు పన్ను సాధారణంగా కాపురాన్ని కూల్చేంత పెద్దది కాదు. భయపడవలసింది దానికి కాదు. ఆ మార్పులు మునిసిపాలిటీ పుస్తకంలోకి ఎక్కాయా లేదా అన్నదానికి.

రసీదు చెప్పని సంగతి

మీకు చూపిన 900 రూపాయల రసీదు ఏ ఇంటిది? పెంకుటింటిదా, స్లాబు ఇంటిదా? పాత కొలతల మీదనే ఇంకా పన్ను కడుతున్నారంటే, అది ఇప్పుడు మీరు చూసిన ఇంటి పన్ను కాదు. రెండేళ్ళ క్రితం అక్కడ ఉన్న ఇంటి పన్ను.

తెలుసుకోవడం కష్టం కాదు. రసీదు మీద అసెస్‌మెంటు నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకొని మునిసిపల్ ఆఫీసులోనో, వారి వెబ్‌సైటులోనో పుస్తకంలో వ్రాసిన వైశాల్యం, కట్టడం రకం, అంతస్తులు చూడండి. రెండవది, మంజూరైన ప్లాను అడగండి. మూడవది, ఒక టేపు తీసుకొని ఇల్లు కొలవండి. లోపలి గదుల కొలత కాదు, గోడల మందంతో సహా బయటి కొలత. పుస్తకమూ, ప్లానూ, టేపూ ఒకే మాట చెబితే నిశ్చింతగా ఉండవచ్చు. మూడూ మూడు మాటలు చెబితే బేరం అక్కడ ఆపి, అమ్మేవారిని అడగాలి.

ఎందుకంటే పేరు మార్పు కోసం మీరు అర్జీ పెట్టినప్పుడు, ఇల్లు చూడడానికి బిల్లు కలెక్టరు రావచ్చు. వస్తే కొత్త గది ఆయన కంట పడుతుంది. పన్ను సవరించడమే కాక, గది కట్టిన నాటి నుంచీ తప్పిపోయినది కూడా కలిపి అడగవచ్చు. అప్పటికి అమ్మినవారు డబ్బు తీసుకొని ఏ కూతురింటికో వెళ్ళిపోయి ఉంటారు. ఇంట్లో ఉన్నది మీరు.

తెలంగాణలో 2019 పురపాలక చట్టం ఇంటి వివరాలు యజమానే స్వయంగా ప్రకటించుకొనే పద్ధతి పెట్టింది. ప్రకటన అబద్ధమని తేలితే 25 రెట్లు అపరాధ రుసుము అన్నది. పాత యజమాని వ్రాసిన అంకెలనే చూసి వ్రాసేవారు ఈ మాట మరువరాదు.

అనుమతి లేని గది

పై గదికి ప్లాను మంజూరు లేదనుకోండి. అప్పుడు వ్యవహారం పన్నుతో పోదు. ఉమ్మడి రాష్ట్రం నాటి సవరణల ప్రకారం, మంజూరైన అంతస్తులలోనే చుట్టూ వదలవలసిన ఖాళీని 10 శాతం లోపు ఆక్రమిస్తే పన్ను మీద 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు గాని, మొత్తం అనుమతి లేని ఇంటికి గాని 100 శాతం అదనపు పన్ను. ఇది ఒక్కసారితో తీరే జరిమానా కాదు. లోపం సరిదిద్దుకునేదాకా ఏటా పడేది.

"పన్ను కడుతున్నాము గదా, ఇంక అనుమతి ఎందుకు?" అని అమ్మేవారు అంటారు. నమ్మవద్దు. పన్ను కట్టించుకున్నంత మాత్రాన కట్టడాన్ని ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోనే వ్రాశారు. పన్ను రసీదు ప్లానుకు బదులు కాదు; యాజమాన్యపు పత్రం అంతకన్నా కాదు.

బాకీలు ఎవరివి?

చాలామంది ఈసీ తీయించి, అందులో ఏమీ లేదని సంతోషిస్తారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. పన్ను బాకీ ఎవరూ రిజిస్టరు చేయించరు. అయినా చట్టం దృష్టిలో ఇంటి పన్ను ఆ ఇంటి మీద మొదటి బాధ్యత.

అహమ్మదాబాదు కార్పొరేషను కేసులో సుప్రీంకోర్టు 1971లో ఒక సంగతి తేల్చింది. ప్రత్యేకంగా చట్టంలో లేకపోతే, డబ్బిచ్చి, పాత బాకీ సంగతి తెలియకుండా కొన్నవారి దగ్గర ఆ ఆస్తి మీద బాకీ రాబట్టరాదన్నది. ఆ మాట విని ధైర్యం తెచ్చుకొని వాకబు మానవద్దు. తెలియదని కోర్టులో రుజువు చేసుకోవడం కన్నా, ముందే ఆఫీసుకు వెళ్ళి తెలుసుకోవడం చౌక. పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడే ఊళ్ళున్నాయి. అంటే ఏడాదికి 24!

ఒప్పందంలో ఏమి వ్రాయించాలి?

అడ్వాన్సు ఇచ్చే ముందే, అమ్మకపు ఒప్పందంలో మూడు వాక్యాలు వ్రాయించుకోండి. ఒకటి, స్వాధీనం ఇచ్చే తేదీ వరకు పన్నులన్నీ అమ్మేవారివి. రెండు, ఆ తేదీకి ముందు చేసిన కట్టడానికి వెనకటి కాలపు పన్ను గాని, అపరాధ రుసుము గాని తరువాత ఎప్పుడు వేసినా అమ్మేవారే భరించాలి. మూడు, ఇంటి వైశాల్యం, అంతస్తులు, కప్పు రకం ఉన్నది ఉన్నట్టు దస్తావేజులో చూపాలి. తక్కువ చూపితే స్టాంపు ఖర్చు కలిసివస్తుందని సలహా ఇచ్చేవారుంటారు. ఆ సలహా తరువాత చాలా ఖరీదవుతుంది.

ఇంతకన్నా మంచి దారి ఒకటున్నది. పై గదినీ స్లాబునూ అమ్మేవారే తమ పేరు మీద పుస్తకంలోకి ఎక్కించి, సవరించిన రసీదు తెచ్చిన తరువాతనే రిజిస్ట్రేషను పెట్టుకోవడం. దానికి నెల ఆలస్యమైనా మంచిదే.

రిజిస్ట్రేషను అయిన మూడు నెలల లోపల అమ్మినవారూ కొన్నవారూ ఇద్దరూ యాజమాన్యం మారిందని మునిసిపాలిటీకి తెలపాలన్నది మన పురపాలక చట్టాల పాత నియమం. తెలపనంత కాలం పన్ను బాధ్యత అమ్మినవారికీ తప్పదు. ఈ సంగతి వారికి చెప్పి చూడండి; సంతకం పెట్టడానికి మీకన్నా ముందు వస్తారు.

కొన్నాక మార్పులు చేసేవారికి

ముందు అనుమతి, తరువాత మేస్త్రీ. ఏదైనా భాగం పడగొట్టితే ఆనాడే తెలియజేయండి. చెప్పనంత కాలం లేని గదికి పన్ను నడుస్తుంది. పని ముగిశాక పన్ను పెంచుతూ నోటీసు వస్తే, కొలతలు సరిపోల్చుకోండి. తప్పుంటే నోటీసులో ఇచ్చిన గడువులోపల సవరణ అర్జీ వేయండి. గడువు దాటాక ఎంత న్యాయమైన మాట అయినా వినేవారుండరు. ఏడాది పన్నంతా ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గించే పద్ధతి మన రెండు రాష్ట్రాల పట్టణాలలోనూ ప్రకటిస్తూ వచ్చారు. ఆ అవకాశం ఉన్న ఏడు వదులుకోకండి.

అమెరికాలో అబ్బాయికి

నెల్లూరు నుంచి ఒక తల్లి, కాలిఫోర్నియాలో తమ కుమారుడు ఇల్లు కొంటున్నాడనీ, పాత యజమాని పన్ను చాలా తక్కువగా ఉందనీ వ్రాశారు. అక్కడ వరస వేరమ్మా. 1978లో ఆ రాష్ట్రం ప్రజల ఓటుతో తెచ్చుకున్న నియమం ప్రకారం మూలపన్ను ఇంటి విలువలో 1 శాతం; ఆ విలువను ఏటా 2 శాతానికి మించి పెంచరాదు. కాని ఇల్లు చేతులు మారితే కొన్న ధర మీద కొత్త లెక్క మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళు అక్కడ ఉన్నాయన కట్టిన పన్ను మీ అబ్బాయికి వర్తించదు. కొన్న తరువాత గది కలిపితే ఆ గది విలువ వరకే చేరుతుంది. ఇల్లంతా మళ్ళీ వెల కట్టరు. మామూలు మరమ్మతులకు ఏమీ లేదు. టెక్సాస్‌లో కాపురముండే ఇంటికి పన్ను విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు గాని, కొత్తగా కట్టిన భాగం ఆ హద్దులోకి రాదు. అమ్మకంతో ఆ హద్దు కూడా తొలగిపోతుంది. ఏ దేశమైనా అమ్మేవారి రసీదు చూసి నెలసరి ఖర్చు లెక్క వేసుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

రాజమహేంద్రవరం సోదరికి చివరి మాట. ఇల్లు నచ్చితే మానుకోవద్దు. మీ మరిదిగారిని మునిసిపల్ ఆఫీసుకూ, అబ్బాయిని టేపుతో ఇంటికీ పంపండి. ప్లాను మంజూరు ఉండి, పుస్తకంలో మాత్రం ఎక్కకపోతే, ఆ పని అమ్మేవారి చేత చేయించి కొనండి. మంజూరే లేకపోతే, పై గదికి వెల కట్టకుండా బేరమాడండి. అదనపు పన్ను ఏటా ఎంతో లెక్క కట్టి వారి ముందు పెట్టండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకొక ఇల్లు చూడవచ్చు. రాజమహేంద్రవరంలో ఇళ్ళకు కొదవా!